లేక్ వ్యూకి రేటుంది, లేక్‌కి లేదు

సైబరాబాద్‌లో స్థలం ఖాళీగా ఉండడం దాదాపు నేరం. నానక్‌రామ్‌గూడ నుంచి కోకాపేట దాకా హోర్డింగుల్లో మాత్రం టవర్ తక్కువ, ఆకుపచ్చ ఎక్కువ. లేక్ వ్యూ, హిల్ వ్యూ, ఫారెస్ట్ వ్యూ అంటూ చదరపు అడుగుకి ఇంత అదనం కట్టమంటారు. కొన్నవాడు ఆ చూపుకి డబ్బిస్తాడు, అమ్మినవాడు తీసుకుంటాడు, ఆ చూపుకి ఆధారమైన గుట్ట మాత్రం రెవెన్యూ రికార్డులో పోరంబోకుగానే ఉండిపోతుంది. కొన్నాళ్లకు ఆ గుట్టా వేలానికొస్తుంది, దాని మీద మరో టవర్ లేస్తుంది, మొదటి టవర్‌వాళ్లకు ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టలు వ్యూగా మిగులుతాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. ఆ ధరలో పక్కనున్న ఖాళీ ఎకరాల వాటా ఎంతో ఏ వేలం పత్రంలోనూ రాయరు. ఖాళీ భూమిని కాపాడుకునేవాళ్ల గొడవంతా చెట్ల మీద ప్రేమ అనుకుంటాం గానీ, అసలు వాళ్లు పట్టుబడుతున్నది లెక్క తప్పిందని.

కంచ గచ్చిబౌలి సంగతే చూడండి. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న ఆ 400 ఎకరాలను 2004లో ఐఎంజీ భారత అనే క్రీడల సంస్థకు కట్టబెట్టారు, 2006లో రద్దు చేశారు, ఆ తర్వాత కోర్టులో నానబెట్టారు. ఇన్నేళ్లూ అక్కడ పచ్చదనాన్ని కాపాడిన ఘనత అటవీ శాఖది కాదు, ఆ వ్యాజ్యానిది. తీర్పు వచ్చేదాకా చెట్టు కదల్చలేరు కదా! 2024లో ప్రభుత్వం కేసు గెలిచింది, చెట్లకు నూకలు చెల్లాయి. 2025 ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చిన రోజుల్లో జేసీబీలు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లెక్కించారు. అక్కడ పులుల్లేవు, జింకల్లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రి అంతకుముందే శాసనసభలో సెలవిచ్చారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పంపగా వెళ్లిన హైకోర్టు రిజిస్ట్రార్, సుమారు 100 ఎకరాలు ధ్వంసమయ్యాయనీ, జింకలూ నెమళ్లూ కనిపించాయనీ నివేదించారు. శాసనసభ కార్యకలాపాలు జింకల దాకా చేరినట్టు లేవు. కోర్టు ఆ రోజే నరికివేత ఆపించింది, నరికిన నూరెకరాలను మళ్లీ ఎలా నిలబెడతారో చెప్పమని ఏప్రిల్ 16న అడిగింది.

భూమి ప్రభుత్వానిది, కోర్టే చెప్పింది కదా అంటారు. నిజమే. అయితే కోర్టు తేల్చింది అది ఎవరిదని, ఏం చేయాలని కాదు. తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన పెరట్లో బావి పూడ్చి గది వేసుకోమని ఎవరూ చెప్పరు. రికార్డులో అడవి అని లేదు అన్నది రెండో మాట. రికార్డులో లేకపోయినా నిఘంటువు అర్థంలో అడవైతే అడవేనని 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టే తేల్చింది. మన అధికారులు మాత్రం ముందు రికార్డు చూసి, తర్వాత కిటికీలోంచి చూస్తారు. ఇక ఉద్యోగాలు. ఆ స్థలంలో ఆఫీసులొస్తే 5 లక్షలన్నారు. ఉద్యోగాలు రావాల్సిందే, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ ఆఫీసు ఎక్కడ కట్టినా ఆఫీసే. ఆ రాతిగుట్టలు, ఆ చెరువులు మాత్రం కట్టించేవి కావు. ప్రభుత్వాలు మారినా, ఏ పార్టీ ఉన్నా, వేలం హాల్లో సుత్తి చప్పుడు ఒకేలా వినిపించడం మన ప్రజాస్వామ్యంలో అరుదైన ఏకాభిప్రాయం.

ఇంకో ఎత్తిపొడుపుంది: ఉద్యమం చేస్తున్న ఐటీ ఉద్యోగి ఉండే ఫ్లాటు మాత్రం ఎవరి వరి మడి మీద లేచిందని? సరైన ప్రశ్నే. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ లేచినప్పుడు చుట్టూ ఉన్నది రాళ్లూ పొలాలే. కానీ మొన్న తప్పు చేసినవాడు ఇవాళ నోరెత్తకూడదంటే, ఈ ఊళ్లో మాట్లాడే అర్హత ఆ జింకలకే మిగులుతుంది.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది, దానికి వ్యంగ్యం సరిపోదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాల కోసం 1996లో జీవో 111 తెచ్చి, 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేశారు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కవాడు కోట్లకు అమ్ముకుంటుంటే, ఆ పరిధిలోని మొయినాబాద్ రైతు ఊరందరి నీళ్ల కోసం ఊరికే నష్టపోవాలా? అతని కోపం న్యాయం. అయితే 2022 ఏప్రిల్‌లో జీవో 69తో మన పెద్దలు కనిపెట్టిన పరిష్కారం, అతనికి పరిహారం ఇవ్వడం కాదు, ఆంక్షలే ఎత్తేయడం. నగరం ఇప్పుడు ఆ చెరువుల నీళ్ల మీద ఆధారపడి లేదన్నారు. వరదను ఆపే పని సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

అమెరికాలో వాషింగ్టన్ శివారు మాంట్‌గోమరీ కౌంటీ ఇదే చిక్కును 1980లో ఎదుర్కొంది. సుమారు 93,000 ఎకరాలను వ్యవసాయ ప్రాంతంగా కేటాయించి, అక్కడ ఇళ్లు కట్టే హక్కును మాత్రం రైతు విడిగా అమ్ముకోనిచ్చింది. బిల్డర్ ఆ హక్కు కొని వేరేచోట ఎక్కువ ఇళ్లు కట్టుకుంటాడు, రైతుకు డబ్బొస్తుంది, పొలం పొలంగానే ఉంటుంది. ఈ ఏర్పాటు మనకు తెలియనిదేం కాదు. హైదరాబాద్‌లో దాని పేరు టీడీఆర్. రోడ్డు వెడల్పు చేయడానికి స్థలం ఇచ్చినవాడి చేతిలో ఆ హక్కు పత్రం పెడతారు, అతను బిల్డర్‌కి అమ్ముకుంటాడు. మొయినాబాద్ రైతుకూ ఆ పత్రం రాకపోదు, కాకపోతే ముందు అతను నారు పోసిన మడిలోంచి వందడుగుల రోడ్డు పోవాలి.