తల్లిని చూపించండి సార్!

మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులవారు టిబెటన్ మాస్టిఫ్ పిల్లను తెచ్చుకోవాలని తీర్మానించారు. వీధికుక్కకు మిగిలిపోయిన ఇడ్లీ వేసిందన్న నేరానికి రెండో అంతస్తు పనిమనిషికి సంజాయిషీ నోటీసు ఇచ్చిన మహానుభావుడు ఈయనే. అంతమాత్రాన ఆయనకు కుక్కలంటే పడదనుకునేరు. ఊరకే దొరికే కుక్కలంటేనే పడదు.

‘‘ల్యాబ్రడార్ ప్రతి ఇంట్లోనూ ఉందండీ. గోల్డెన్ రిట్రీవర్‌ని మా డ్రైవర్ తమ్ముడు కూడా కొన్నాడు. జనం మన గేటు ముందు ఆగి ‘ఇదేం జాతండీ?’ అని నోరెళ్లబెట్టాలి’’ అన్నారు.

జనం అడగడమే తరువాయి, ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంది. కొన్నాళ్లుగా ఆయన పరిశోధన చేస్తున్నారు. పరిశోధన అంటే సోఫాలో వెనక్కి వాలి, బొటనవేలితో ఫోన్ తెరను పైకి తోయడం. ఈ కుక్కలు గాడిదంత ఉంటాయని మార్కో పోలో రాసిన సంగతి ఆయనకు తెలుసు. 1847లో అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ హార్డింజ్ ఇలాంటి టిబెట్ కుక్కను విక్టోరియా మహారాణికి పంపాడనీ తెలుసు. ‘‘రాణిగారు పెంచిన జాతండీ!’’ అన్నప్పుడు ఆయన మొహంలో ఆ రాణిగారితో ఏదో దూరపు చుట్టరికం కనిపించింది.

ధరలైతే నోటికి వచ్చు. 2009లో చైనాలోని షియాన్ నగరంలో ఒకావిడ 40 లక్షల యువాన్లకు ఈ జాతి కుక్కను కొని, విమానాశ్రయం నుంచి ముప్ఫై నల్ల బెంజికార్ల ఊరేగింపుతో ఇంటికి తెచ్చుకుంది. మన దగ్గర పెళ్లికొడుక్కి కూడా ఆ మర్యాద దక్కదు. 2014లో చైనాలోనే జరిగిన ఓ ప్రదర్శనలో బంగారురంగు కుక్కపిల్ల కోటీ 20 లక్షల యువాన్లు పలికిందని పత్రికలు రాశాయి. అప్పటి లెక్కలో మన డబ్బు 12 కోట్ల దరిదాపు. అమ్మేవాళ్లే ఒకరికొకరు అమ్ముకుంటున్నట్టు నటించి రేటు పెంచుతారని ఆ వ్యాపారంలో వాళ్లే చెప్పిన మాట కూడా ఆ వార్తతో పాటే వచ్చింది. అధ్యక్షులవారి బొటనవేలు అక్కడ ఆగలేదు.

2015 దాకా కూడా ఆ వేలు వెళ్లలేదు. అప్పటికి మోజు తీరింది, బేరాలు పడిపోయాయి. ఆ ఏడు బీజింగ్ దగ్గర జంతుప్రేమికులు ఒక లారీని ఆపితే అందులో ఇరుకు బోనుల్లో ఇవే మాస్టిఫ్‌లు, కబేళాకు పోతూ. అక్కడ ఒక్కోటి అయిదు డాలర్లు పలికేదట. మాంసం మాంసానికి, చర్మం చలికాలపు చేతితొడుగుల లోపలి పొరకు. టిబెట్ పీఠభూమిలో పెంపకందార్లు చాలామంది కుక్కలను వదిలేసి చేతులు దులుపుకున్నారు. అవి గుంపులు కట్టి మనుషుల మీద పడ్డాయి, మంచు చిరుతల వేటనూ లాక్కున్నాయి.

ఇంకో రెండు ముచ్చట్లు ఆయన పరిశోధనకు అందలేదు. 2013లో చైనాలోని లువోహె పట్టణపు జంతుప్రదర్శనశాలలో ‘ఆఫ్రికా సింహం’ అని బోర్డున్న బోను ముందు ఓ తల్లి తన పిల్లాడికి సింహగర్జన వినిపిద్దామని నిలబడింది. సింహం భౌ అంది. అది టిబెటన్ మాస్టిఫ్! యునాన్ రాష్ట్రంలో ఇంకొకావిడది దీనికి తిరగేసిన కథ. 2016లో మాస్టిఫ్ పిల్లే అనుకుని ఒకదాన్ని కొన్నది. అది రోజూ ఓ పెట్టెడు పళ్లు, రెండు బక్కెట్ల నూడుల్స్ తిని ఏపుగా పెరిగింది. కొన్నాళ్లకు వెనక కాళ్ల మీద లేచి నిలబడి నడవడం మొదలెట్టింది. రెండేళ్లు పెంచాక తేలిందేమిటయ్యా అంటే, అది నల్ల ఎలుగుబంటి.

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోమని మనవాళ్లు ఊరికే అన్నారా? ఆ యునాన్ ఇల్లాలు ఒక్కసారి తల్లిని చూపించమని ఉంటే, కథ ఆ క్షణమే ముగిసేది. కొంత పరుగుతో ముగిసేది, అది వేరే విషయం.

ఈ మాటే అధ్యక్షులవారి చెవిన వేశాను. ఆయన వెంటనే అమ్మకందారుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు.

‘‘లయన్ హెడ్ సార్, డబుల్ బోన్. తండ్రి ఛాంపియన్ సార్. కెన్నెల్ క్లబ్ (కేసీఐ) పేపర్లు ఇస్తాం.’’

‘‘తల్లి?’’

‘‘తల్లి పంజాబ్‌లో మా ఫామ్‌హౌస్‌లో ఉంది సార్. వీడియో పెడతా.’’

వీడియో వచ్చింది. పంజాబ్‌లో మోకాలి లోతు మంచు. దాని మీద జూలు విదిలిస్తూ ఒక కుక్క. వెనకాల కొండలు.

‘‘పిల్ల వయసెంత బాబూ?’’

‘‘ముప్ఫై అయిదు రోజులు సార్. చిన్నప్పుడే తీసుకుంటే మాలిమి అయిపోద్ది.’’

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. నమోదు సంఖ్య అడిగించాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ‘‘జీఎస్టీ నంబర్ చెప్పమంటారా సార్?’’ అని వచ్చింది జవాబు.

‘‘మరి మన ఎండలకు ఆగుతుందా?’’

‘‘కూలర్ చాలు సార్. మన వెదర్‌కి సెట్టయిపోయిన లైన్ ఇది.’’

ఈ కుక్క రక్తంలో తోడేళ్ల నుంచి వచ్చిన ఒక జన్యువు ఉందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 4,000 మీటర్ల పైన పలచటి గాలిలో బతకడానికి పనికొచ్చే జన్యువు అది. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు. అధ్యక్షులవారిది ఏడో అంతస్తు కాబట్టి ఇంకో ఇరవై కలుపుకోండి. ఒంటి మీద రెండు పొరల బొచ్చు, లోపలిది ఉన్నిలాంటిది, ఏడాదికోసారి కుప్పలుగా రాలుతుంది. మే నెలలో మనం పంచె కట్టుకునే ఓపిక లేక అల్లాడుతుంటే ఇది రెండు కంబళ్లు కప్పుకుని తిరగాలి.

దాని ఉద్యోగం సంగతి అసలే ఎవరూ అడగరు. పగలు కునుకు తీసి, రాత్రంతా గుడారాల చుట్టూ తిరిగి, అలికిడైతే కొండలు మారుమోగేలా మొరగాలి. వందల ఏళ్లుగా చేస్తున్న నౌకరీ అది. మా అపార్ట్‌మెంట్‌లో దానికి పని కొరతేమీ ఉండదు. అర్ధరాత్రి బిర్యానీ తెచ్చే కుర్రాళ్లే బోలెడు. కాకపోతే రాత్రి పదింటి తర్వాత శబ్దం చేయరాదని లిఫ్టు పక్కన బోర్డుంది. కింద సంతకం అధ్యక్షులవారిదే. పైగా ఈ కాపలా కుక్కలు హుకుం కోసం ఎదురుచూడవు, నిర్ణయాలు సొంతంగా తీసుకుంటాయి. సర్వసభ్య సమావేశాల్లో అలాంటివాళ్లను ఆయన ఎలా కూర్చోబెడతారో నాకు తెలుసు. యాభై అరవై కిలోలవాణ్ని ఎలా కూర్చోబెడతారో చూడాలి.

ఇంత పెద్ద శరీరానికి వచ్చే తుంటి కీళ్ల జబ్బుల గురించీ, కడుపుబ్బి మెలితిరిగితే గంటల్లో శస్త్రచికిత్స చేయాల్సి రావడం గురించీ చెప్పబోయాను. ‘‘నెగెటివ్‌గా మాట్లాడకండి’’ అన్నారు.

కుక్కతో గొప్పలకు పోయినవాళ్ల ముచ్చట ఇంకొకటుంది. 2025లో బెంగళూరులో ఒకాయన 50 కోట్లు పోసి తోడేలు-కుక్క సంకరాన్ని కొన్నానంటే టీవీలు దాన్ని చూపించాయి. కోట్లెక్కడివని ఈడీ అధికారులు ఇంటికి వెళ్లారు. కోట్లూ లేవు, విదేశీ కుక్కా లేదు. ఫొటోల్లోది పక్కింటివాళ్ల దేశవాళీ కుక్కని పత్రికల్లో వచ్చింది. కుక్క పరువు ఏమాత్రం పోలేదు, అది అడగలేదుగా.

తాజా వార్త: అధ్యక్షులవారు టిబెట్ వదిలేశారు. ఇప్పుడు కాకేసియన్ షెపర్డ్ మీద పరిశోధన సాగుతోంది. 2024 మార్చిలో 23 జాతులను నిషేధించమని కేంద్రం రాష్ట్రాలకు రాసిన ఉత్తరంలో ఆ పేరూ ఉంది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ‘‘చూశారా, ఢిల్లీనే భయపెట్టిన కుక్క!’’ అంటున్నారాయన.

ఆయన్ని ఆపడం నా వల్ల కాదు. మీరెవరైనా ఆ బాటలో ఉంటే మాత్రం ఒక విన్నపం. పెంపకందారు నమోదు సంఖ్య అడగండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఇస్తానంటే వద్దనండి. తల్లిని మీ కళ్ల ముందుకు తెమ్మనండి. వీడియో పెడతానంటే ఫోన్ పెట్టేయండి.