బావగారి కారు నీళ్లోసుకుంది

డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో శనివారం పొద్దున్న వీధి వెంట నడిస్తే ఎవరి గరాజ్‌లో ఏముందో ఇట్టే తెలిసిపోతుంది. ఒకరి గరాజ్‌లో క్రికెట్ కిట్లు, ఒకరి దాంట్లో సోనామసూరి బస్తాలు, ఇంకొకరి దాంట్లో దసరాకి విప్పి మళ్లీ కట్టని బొమ్మలకొలువు మెట్లు. మా అక్కావాళ్ల గరాజ్‌లో రెండు కాళ్లుంటాయి. కారు కింద నుంచి బయటికి వచ్చి ఉంటాయి. అవి మా బావవి. ఆ వీధిలో ఆయన ముఖం గుర్తుపట్టేవాళ్ల కంటే పాదాలు గుర్తుపట్టేవాళ్లే ఎక్కువ.

ఆ పాదాల పక్కన టార్చి పట్టుకుని నిలబడేది నేను. ఎమ్మెస్ చదువుకుంటూ శనాదివారాలు అక్క చేతి గోంగూర కోసం వస్తాను. గోంగూరకి అక్క డబ్బులడగదు. బావ వసూలు చేసుకుంటాడు.

బావ పాడైన వస్తువు జోలికి పోడు. కొళాయి కారితే ప్లంబర్ని పిలవమంటాడు. మిక్సీ ఆగిపోతే కొత్తది కొనమంటాడు. చక్కగా నడుస్తున్న వస్తువు కంటబడితేనే ఆయనకి చెయ్యి దురద పుడుతుంది. గోల్ఫ్ జీటీఐ కారు కొన్నప్పుడు రెండు లీటర్ల టర్బో ఇంజనుతో పువ్వులా నడిచేది. అదే దాని నేరమైంది. మొదటి నెల ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. ఆరో నెల ఇంజను కంప్యూటర్లో ఉన్న లెక్కలు తీసేసి కొత్త లెక్కలు ఎక్కించాడు. ఏడాది తిరిగేసరికి ముందున్న ఇంటర్‌కూలర్ పోయి తలుపంత ఇంటర్‌కూలర్ వచ్చింది. ప్రతిసారీ ఒకటే మాట: "ఇంక దీంతో అయిపోయినట్టే."

బావ దేన్నీ "కొన్నాను" అనడు. "పార్శిల్ వచ్చింది" అంటాడు, చుట్టం చెప్పాపెట్టకుండా వచ్చినట్టు. ప్రతి పార్శిల్‌కీ మూడు ధరలుంటాయి. కార్డు మీద పడేది ఒకటి, అక్కకి చెప్పేది దాంట్లో సగం, తనకి తాను చెప్పుకునేది దాంట్లోనూ సగం.

ఆఖరుగా వచ్చిన చుట్టం వాటర్ మెథనాల్ ఇంజెక్షన్ కిట్టు. డబ్బా విప్పితే చిన్న పంపు, మీటర్ల కొద్దీ నైలాన్ గొట్టం, వేలి కొసంత ఇత్తడి నాజిల్, ఒక కంట్రోలరు, ఒక ఎర్ర లైటు, ఒక పచ్చ లైటు. ఇది ఎందుకు అని బావని అడగనక్కర్లేదు. పుట్టినరోజు ఫంక్షన్లలో చేతిలో ప్లేటు ఉండి పారిపోలేని మనిషిని చూసుకుని ఆయనే మొదలుపెడతాడు.

"సైకిలుకి గాలి కొట్టారా ఎప్పుడైనా?"

కొట్టామంటారు. తెలుగువాడై పుట్టి కాదనలేరు.

"పంపు అడుగు ముట్టుకుంటే చెయ్యి కాలిందా లేదా? గాలిని కుక్కితే వేడెక్కుతుంది. టర్బో చేసేది అదే పని. ఆ వేడిగాలి ఇంజన్లోకి పోతే, ప్లగ్గు పెట్టిన మంట తనదాకా రాకముందే పెట్రోలు తనంతట తాను అంటుకుంటుంది. టకటకా కొడుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టన్‌కి చిల్లు. అందుకని కంప్యూటరు భయపడి నిప్పు పెట్టడం ఆలస్యం చేస్తుంది. పవర్ పోతుంది."

ఎదుటి మనిషి చేతిలో గారె చల్లారుతూ ఉంటుంది.

"మీ ఊళ్లో కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉండేవి? పైకి ఊరిన చెమ్మ ఆవిరైపోతూ వేడిని లాక్కుపోతుంది. అంతే! ఆ వేడిగాలిలో నీళ్లూ మెథనాలూ మంచులా చల్లితే ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. కిలో నీళ్లు ఆవిరి కావాలంటే 2257 కిలోజౌళ్ల వేడి కావాలి. మెథనాల్‌కి అందులో సగం. పెట్రోలుకి ఆరోవంతు కూడా ఉండదు. నీళ్లు చల్లబరుస్తాయి, మెథనాల్ మండి పనికొస్తుంది. మొగుడూ పెళ్లాల్లాగ."

ఇందులో మొగుడెవరో పెళ్లామెవరో తేలకముందే ఆ మనిషి పెరుగన్నం వైపు పారిపోతాడు.

ఇది కొత్త పిచ్చి కాదని చెప్పడానికి బావ దగ్గర చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు సగం మెథనాల్, సగం నీళ్లు కలిపి ఎమ్‌డబ్ల్యూ 50 అని పేరుపెట్టి యుద్ధవిమానాల్లో వాడారు. అమెరికా థండర్‌బోల్ట్ విమానాల్లోనూ ఇదే కిటుకు. 1962లో ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే కారు తెచ్చి, అందులో పోసే ఈ ద్రావకానికి "టర్బో రాకెట్ ఫ్లూయిడ్" అని నామకరణం చేసింది. 2016లో బీఎమ్‌డబ్ల్యూ తన ఎమ్4 జీటీఎస్ డిక్కీలో ఏకంగా నీళ్ల ట్యాంకు పెట్టింది. జెట్‌ఫైర్ కొన్నవాళ్లలో చాలామంది ఆ ఫ్లూయిడ్ పోయడం మరిచిపోయారనీ, చివరికి కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ పెట్టిచ్చిందనీ నేను వేరేచోట చదివాను. బావ చెప్పే చరిత్రలో ఆ పేజీ ఉండదు.

కిట్టు బిగించిన రాత్రి ఆ సంతోషం పట్టలేక బావ దివిసీమలో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ చేశాడు. లైను గరగరమంటోంది.

"అమ్మా, ఇవాళ్టి నుంచి కారు నీళ్లు పోసుకుంటోందే!"

అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. తరవాత కేక. "ఏవండోయ్! కోడలు నీళ్లోసుకుందటండీ! ఎన్నో నెలరా?"

ఆ అపార్థం తీర్చేసరికి అరగంట పట్టింది. అక్కకి ఏది తినాలనిపిస్తోందో, ఏది సహించడం లేదో అప్పటికే రెండు ఊళ్ల చుట్టాలు ఆరా తీశారు. చివరికి మావయ్యగారు ఫోన్ తీసుకున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, పెట్రోల్లో నీళ్లు కలిశాయని బంకువాడి మీదకి కర్ర తీసుకుని వెళ్లినవాణ్ణి నేను. నువ్వు డబ్బులిచ్చి పోయించుకున్నావా?"

"పెట్రోల్లో కాదు నాన్నా, గాలిలో. నీళ్లొక్కటే కాదు, మెథనాల్ కూడా."

"కల్తీసారాలో ఉండేది అదే కదరా? కళ్లు పోయేది దాంతోనేగా?"

ఆ మాట స్పీకర్‌లో అక్క విన్నది. మర్నాడు గరాజ్‌లోకి వచ్చి చూస్తే, బావ తన వంటింటి కొలతగ్లాసుతోనే మెథనాల్ కొలుస్తున్నాడు. ఆ గ్లాసుతో పాటు దాని జత గ్లాసులు, పక్కనున్న గరాటా, ఏ పాపమూ ఎరుగని ఉప్మా గరిటె కూడా చెత్తబుట్టలోకి పోయాయి. అక్క పెట్టిన షరతులు నిజానికి సరైనవే. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, ఎందుకంటే మెథనాల్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. గరాజ్ తలుపు మూసి కలపకూడదు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ఎందుకంటే దాని మంట పట్టపగలు సరిగ్గా కంటికి కూడా ఆనదు. డబ్బా మీద తెలుగులో, ఇంగ్లీషులో "విషం" అని రాసి తాళం వెయ్యాలి. బావ అన్నీ ఒప్పుకున్నాడు. అంత బుద్ధిగా ఆయన దేనికీ ఒప్పుకోగా నేను చూడలేదు.

మరి ట్యాంకు? అది కిట్టు బిగించేటప్పుడే తేలింది. డిక్కీలో వేరే ట్యాంకు పెడితే పిల్లదాని స్ట్రోలర్ పట్టదని అక్క తేల్చేసింది. బావకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అద్దం కడగడానికి బంపర్ మూల ఎలాగూ ఒక ట్యాంకు ఉంది. అమెరికాలో చలి ప్రాంతాలకి అమ్మే నీలం వాషర్ నీళ్లలో గడ్డకట్టకుండా ఎలాగూ మెథనాల్ ఉంటుంది. ఆ ట్యాంకుకే పక్కన చిల్లుపెట్టి ఇంకో గొట్టం బిగిస్తే ఒకే నీళ్లు, రెండు పనులు! అడుగున వంపు ఉండి డ్రిల్లు ఆనలేదు కాబట్టి చిల్లు కాస్త పైన, నడుం ఎత్తులో పెట్టాడు. నీళ్లు అయిపోతే చెప్పే సెన్సారు మాత్రం అడుగునే ఉంది. సెన్సారు తడిగా ఉన్నంతసేపూ పచ్చలైటు.

ఆ తరవాత నాలుగు నెలలు బావ జీవితం పచ్చలైటు వెలుగులో సాగింది. తెల్లారి లేచి కాఫీకి ముందు ట్యాంకు చూసేవాడు. తగ్గిన మట్టాన్ని ఎక్సెల్‌లో ఎక్కించేవాడు. మైలుకి ఎన్ని మిల్లీలీటర్లు, ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజున ఎన్ని, సోమవారం ఎన్ని, శుక్రవారం ఎన్ని అని గ్రాఫులు గీసేవాడు.

"చూశావురా బామ్మర్దీ, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎక్కువ తాగుతోంది. ఆఫీసు రోజుల్లో నేను బాగా తొక్కుతానన్నమాట."

నాకు ఒక అనుమానం ఉండేది. టర్బో ఒత్తిడి 12 పీఎస్ఐ దాటితేగాని పంపు తిరగకూడదని కంట్రోలర్లో పెట్టింది బావే. మరి పొద్దున్న ఎనిమిదింటికి డల్లాస్ నార్త్ టోల్‌వే మీద ముందుకారు బంపరు చూసుకుంటూ పాకేవాడికి 12 పీఎస్ఐ ఎక్కడిది? ఆయన కాలు అంత లోతుకి దిగేది వారానికి ఒక్కసారి, ఆదివారం గుడి నుంచి వచ్చేటప్పుడు, ర్యాంపు మీద, ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లకోసమే మిగతా వారమంతా. ఆయన గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి పదేళ్లు దాటింది. ఆ లైన్లో ఏ ఇంజెక్షనూ పనిచెయ్యదు. ఏదో ఒకటి కాలు తొక్కగానే కదలాలి కదా మనిషికి. అందుకని నేను అనుమానం మింగేసి టార్చి పట్టుకునేవాణ్ణి.

"లాగుడు తెలుస్తోందా?" అని అడిగేవాడు ర్యాంపు మీద.

"తెలుస్తోంది బావా," అనేవాణ్ణి. గోంగూర తిన్న నోటితో ఇంకేమనగలను?

జూన్ నెలలో మావయ్యగారూ అత్తయ్యగారూ వచ్చారు. మావయ్యగారు కృష్ణా డెల్టా కొసన దివిసీమలో నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. కాలవ చివర పొలం. పైవాళ్లు తోడుకోగా మిగిలిన నీళ్లకోసం రాత్రుళ్లు గట్టు మీద కాపలా కాసి, ఆయిలింజను పెట్టి డ్రెయిను లోంచి తోడుకున్నవాడు. ఆదివారం గుడికి వెళ్లి వస్తూ బావ ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. నేనూ అక్కా వెనక. ర్యాంపు వచ్చింది. బావ కాలు దిగింది. కారు ఒక్క ఊపున ముందుకి ఉరికింది. పచ్చలైటు వెలుగుతోంది. బావ ముఖం అంతకంటే వెలుగుతోంది.

మావయ్యగారు కళ్లు మూసుకుని చెవి ఒగ్గి విన్నారు.

"ఎలా ఉంది నాన్నా?"

"గాలి నములుతోంది రా."

"ఏమిటి?"

"నీ మోటారు. నీళ్లు లాగేటప్పుడు మోటారు గొంతు బరువుగా ఉంటుంది. ఇది డొల్లగా కొట్టుకుంటోంది. తూము ఎక్కడ పెట్టావు?"

ఇంటికొచ్చి పంచె ఎగగట్టి బంపరు దగ్గర కూర్చున్నారు. నేను టార్చి పట్టాను. ఒక్క నిమిషం చూసి తేల్చేశారు. "తూము నడుం ఎత్తున పెట్టావు. మట్టం దాని కిందకి దిగిపోయింది. నీ లైటేమో అడుగున తడి చూసి పచ్చగా నవ్వుతోంది. అసలు అడుగు నుంచి తోడేవాళ్లెవరు?"

అందరం అక్క వైపు చూశాం.

"రోజూ పొద్దున్న పిల్లదాన్ని బడికి తీసుకెళ్లేటప్పుడు అద్దం కడుగుతాను. పురుగులు అంటుకుని ఏమీ కనపడదు," అంది అక్క. "అద్దం కడుక్కోవడం కూడా తప్పేనా?"

సోమవారం నుంచి శుక్రవారం దాకా. బావ గ్రాఫులన్నీ ఆయన ముఖంలో ఒక్కొక్కటిగా కూలిపోయాయి. నాలుగు నెలలు ఆయన లెక్కగట్టింది ఇంజను దాహం కాదు, పురుగుల జనాభా.

"కొత్త లెక్కలేమైనా ఎక్కించావా కంప్యూటర్లోకి, ఈ నీళ్లున్నాయన్న ధైర్యంతో?" అని అడిగాను భయంగా. ఎందుకంటే నీళ్లు వస్తాయని నమ్మి ఇంజను జోరు పెంచాక నీళ్లు రాకపోతే, బావే చెప్పిన పిస్టన్ చిల్లు ఖాయం.

"లేదురా. ఇంకో నెల డేటా చూసి ఎక్కిద్దామనుకున్నాను," అన్నాడు నీరసంగా. ఎక్సెల్ ఒక ఇంజనుని కాపాడటం నేను చూసింది అదే మొదటిసారి.

ఇక్కడితో కిట్టు పోతుందనీ, ఆదివారాలు నాకు మిగులుతాయనీ అనుకున్నాను. మావయ్యగారు గట్టిగా మందలిస్తారనే చూశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ పైప్ వెంట వేలు పెట్టి నెమ్మదిగా నడిపిస్తున్నారు. నాజిల్ దగ్గర ఆగారు.

"ఇది నిమిషానికెంత కొడుతుంది?"

"200 మిల్లీలీటర్లు నాన్నా."

"మోటారు ఒత్తిడి?"

"150 పీఎస్ఐ దాకా."

ఆయన కళ్లల్లో ఏదో కదిలింది. "మన ఆయిలింజనుకి నేను సైలెన్సర్ కోసి పొడుగు గొట్టం పెట్టాను, గుర్తుందా? బాగానే నడిచేది. ఇంకొంచెం బాగా నడుస్తుందని పెట్టాను."

"ఎందుకు గుర్తుండదూ," అన్నారు అత్తయ్యగారు తలుపు దగ్గర నుంచి. "ఆ ఏడు నారుమడి ఎండింది."

మావయ్యగారు విననట్టే ఉన్నారు. "ఎగువ తూమూ దిగువ తూమూ ఒకే చెరువులో ఉండకూడదురా. అమ్మాయి చెరువు అమ్మాయిది. నీకు వేరే చెరువు కావాలి. మోటారు చెరువు కంటే కిందుండాలి. నీళ్లు వెనక్కి జారకుండా మధ్యలో ఒక వాల్వు."

"డిక్కీలో పెడదామంటే స్ట్రోలర్..."

"స్ట్రోలర్ నేను మోస్తాను," అన్నారు మావయ్యగారు.

బుధవారం పార్శిల్ వచ్చింది. మావయ్యగారు ధర అడిగితే బావ సగం చెప్పాడు. ఆయన అందులో సగం చేసి అత్తయ్యగారికి చెప్పారు. "దీంతో అయిపోయినట్టేనే," అని కూడా అన్నారు.

ఇప్పుడు శనివారం పొద్దున్న మా అక్కావాళ్ల గరాజ్‌లో నాలుగు కాళ్లుంటాయి. రెండు జీన్స్‌లో, రెండు పంచెలో. నాకు రెండో టార్చి కొనిచ్చారు.