శుభం కార్డు కనబడుటలేదు

పేరు: శుభం. రంగు: మొదట నలుపు తెలుపు, తర్వాత ఈస్ట్‌మన్ కలర్. గుర్తులు: హీరో, హీరోయిన్, ఇద్దరి తల్లిదండ్రులు, మారిన విలన్, మారని కమెడియన్ అంతా ఒకే ఫ్రేములో ఇరుక్కుని నవ్వుతుండగా వాళ్ల మోకాళ్ల మీదుగా ప్రత్యక్షమయ్యేది. చివరిసారి ఎవరు చూశారో, ఏ థియేటర్లో చూశారో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఆచూకీ చెప్పినవారికి తగిన పారితోషికం ఇద్దామంటే నా దగ్గర డబ్బుల్లేవు. ఉన్నవన్నీ 'పార్ట్ 1'లకు పోశాను.

తెలుగు సినిమా పూర్తవడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడది ఆగుతుంది, అంతే. మూడు గంటలు గడిచాక ఎక్కడో ఒకచోట ఆగి, చెవులు చిల్లులుపడే మోతతో ఒక అంకె చూపించి లైట్లు వేసేస్తుంది. పేర్లు పడుతున్నా జనం కదలరు, వాటి వెనకాల ఇంకో ముక్క దాచారేమోనని. ఆఖరికి చీపురు పట్టుకొచ్చిన మనిషి "అయిపోయింది సార్, లేవండి" అనాలి. దర్శకుడు చెప్పాల్సిన మాటను అతనితో చెప్పిస్తున్నారు, దానికి అదనపు జీతం కూడా ఇస్తున్నట్టు లేదు.

దీనికి రాజమౌళిని తిట్టేవాళ్లున్నారు. అన్యాయం. 2015 జూలై 10న 'బాహుబలి' ఒక ప్రశ్న దగ్గర ఆగింది. 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా పని మానుకుని ఆ ప్రశ్నే అడిగింది. కట్టప్ప జవాబు చెప్పాడు, భల్లాలదేవుడు చితి మీద కాలాడు, మాహిష్మతి లెక్కలన్నీ తేలాయి. అంతకుముందు రామ్‌గోపాల్ వర్మ 'రక్తచరిత్ర'ను రెండు ముక్కలు చేసినా, 2010 అక్టోబర్‌లో మొదటిది ఇచ్చి డిసెంబర్‌లో రెండోది చేతిలో పెట్టాడు. ఆరు వారాలు! ఇవాళ ఆరు వారాల్లో ఒక టీజర్‌కు ముహూర్తం కూడా కుదరదు. తర్వాతివాళ్లు 'బాహుబలి' నుంచి ప్రశ్న తీసుకోలేదు, జవాబు తీసుకోలేదు. ఒకటో అంకె మాత్రం భద్రంగా తీసుకున్నారు.

'దేవర' వాళ్లు ప్రశ్న కూడా తీసుకున్నారు, కాకపోతే అదే ప్రశ్న. అక్కడ నమ్మిన కట్టప్ప పొడిచాడు, ఇక్కడ కన్నకొడుకు వర పొడిచాడు. 2024 సెప్టెంబర్‌లో పొడిచిన పోటుకు కారణం రెండో భాగంలో చెబుతారట. హాల్లో నా పక్క సీటు కుర్రాడు నావైపు వంగి "అన్నా, ఎందుకు చంపిండే?" అనడిగాడు. "పార్ట్ 2 కోసం తమ్మీ" అన్నాను. అంతకన్నా బలమైన కారణం నాకు తెరమీద కనబడలేదు. జాన్వీ కపూర్ ఇంటర్వెల్ దాటాక వచ్చి, ఒక పాట పాడి, కొంచెం సిగ్గుపడి వెళ్లిపోయింది. ఆవిడ పాత్ర కూడా బహుశా రెండో భాగంలోనే మొదలవుతుంది.

'హరిహర వీరమల్లు' సంగతి చెప్పాలంటే గుండె దిటవు చేసుకోవాలి. 2020లో మొదలై 2025 జూలై 24న వచ్చింది. ఈలోగా దర్శకుడు మారాడు, హీరో ఉప ముఖ్యమంత్రి అయ్యాడు, ప్రపంచం ఒక మహమ్మారిని దాటింది. కోహినూర్ మాత్రం దొరకలేదు. దానికోసమే బయల్దేరిన వీరుడు కంప్యూటర్ గుర్రాల మీద, కంప్యూటర్ కొండల మధ్య, కంప్యూటర్ దుమ్ము రేపుకుంటూ పోయి పోయి, ఒక సుడిగాలిలో ఔరంగజేబుకు ఎదురుపడేసరికి సినిమా ఆగింది. ఆ వజ్రం లండన్‌లో ఉందని మనం చిన్నప్పుడే చదువుకున్నాం గనక రెండో భాగం మీద ఉత్కంఠ పెట్టుకునే అవకాశం కూడా లేదు.

'కల్కి 2898 ఏడీ'ని అంత తేలిగ్గా తిట్టబుద్ధి కాదు. నాగ్ అశ్విన్ ఊహలో దమ్ముంది. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా నిలబడితే కుర్ర హీరోలు పొట్టివాళ్లయిపోయారు. అయినా ఒక పాత లెక్క అడగాలి. 1977లో ఎన్టీ రామారావు 'దానవీరశూరకర్ణ' తీశారు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఆయనే, దర్శక నిర్మాతా ఆయనే. నాలుగు గంటలకు కాస్త తక్కువలో కురుక్షేత్రం మొత్తం ముగించి, ఎవరి తొడ విరగాలో విరగ్గొట్టి, జనాన్ని ఇళ్లకు పంపారు. 'కల్కి'లో ప్రభాసే కర్ణుడని తెలియడానికి మూడు గంటలు పట్టింది. విలన్ కమల్‌హాసన్ గాండీవం ఎత్తేసరికి ఇంటికెళ్లే టైమైంది. యుద్ధం అప్పుడు మొదలవుతుందట!

'పుష్ప 2' నిడివి 3 గంటల 20 నిమిషాలు. గంగమ్మ జాతరలో చీరకట్టుతో అల్లు అర్జున్ ఆడిన ఆట చూసి నేనూ ఈల వేశాను, దాచుకోను. కానీ అంతసేపూ చూశాక కూడా మూడో భాగం పేరు తెరమీద పడింది. చాలదన్నట్టు 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపి 'రీలోడెడ్' అన్నారు. శేషాచలంలో చెట్టు అయిపోవచ్చుగానీ పుష్పరాజ్ అయిపోడు.

అసలు ముగింపు రాకపోవడానికి కారణం రెండో భాగం మీద ఆశ ఒక్కటే కాదు. ముగియాలంటే ముందు ఏదో మొదలవ్వాలి. ఇప్పుడు కథ చెప్పేచోట సీన్ల లెక్క పోయి 'ఎలివేషన్'ల లెక్క వచ్చింది. ఒకడు వణుకుతూ "వాడు వస్తున్నాడు" అంటాడు. ఇంకొకడు "వాడంటే ఎవడనుకున్నావ్" అంటాడు. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. వర్షం మొదలవుతుంది. బూటు, బెల్టు, గడ్డం, వేలి ఉంగరం, ఇలా హీరో వాయిదాల పద్ధతిలో వస్తాడు. పూర్తిగా వచ్చేసరికి అతను చేయాల్సిన పనేమిటో రాసినవాడికి కూడా గుర్తుండదు. 'ఓజీ'లో హీరో చేసిన పనులకన్నా హీరో గురించి మిగతావాళ్లు చెప్పుకున్న మాటలే ఎక్కువ. తమన్ డప్పు మోత తీసేసి చూస్తే అది ఒక పెద్దమనిషికి జరిగిన సన్మాన సభ.

ఆ సన్మానానికి టికెట్టెంతో చూడండి. 2025 సెప్టెంబర్‌లో దాని ముందస్తు ఆటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1000 రూపాయలు, తెలంగాణ ప్రభుత్వం 800 రూపాయల ధరకు అనుమతులిచ్చాయి. మొదటి ప్రభుత్వంలో ఆ హీరోగారే ఉప ముఖ్యమంత్రి. అంతకు ఏడాది కూడా నిండకముందు, 2024 డిసెంబర్ 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ముందస్తు ఆట తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆస్పత్రి పాలయ్యాడు. ఇక బెనిఫిట్ షోలు ఉండవని తెలంగాణ ముఖ్యమంత్రి నిండు శాసనసభలో చెప్పారు. ఆ మాట మీద ఎన్నాళ్లు నిలబడ్డారో పై ధరల పట్టికే చెబుతుంది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ముందుకు పోతాను.

సినిమాకు ఈ జబ్బు కొత్తగానీ సీరియల్‌కు అదే ఆరోగ్యం. స్టార్ మాలో 2017లో మొదలైన 'కార్తీక దీపం' ఈ విద్యలో పెద్దబాలశిక్ష. హీరో కార్తీక్ డాక్టరు. జనం వంటలక్క అని పిలిచే దీప అతని భార్య, ఆమె మీద అనుమానం. పిల్లలు తనకే పుట్టారా అన్నది సందేహం. డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే ఒక వారంలో తేలిపోయే ముచ్చట. టీకొట్లలో, కూరగాయల బళ్ల దగ్గర, బస్టాండుల్లో జనం "ఆ టెస్టేదో చేయించవయ్యా మగడా" అని మొత్తుకున్నారు. రెండు రాష్ట్రాల్లో ఆ పరీక్ష గురించి తెలియని మనిషి ఒక్క డాక్టర్ బాబే. నల్లగా ఉందని కోడలిని ఈసడించుకునే అత్త కథ అది. నలుపును చిన్నచూపు చూడొద్దని చెప్పడానికి నటి ముఖానికి నల్లరంగు పూసి మరీ తీశారు. 2022లో వంటలక్కనూ డాక్టర్ బాబునూ కారు ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లను చేశారు. కొన్ని నెలలకే పోయినవాళ్లు తిరిగొచ్చారు. సంజీవని కోసం హనుమంతుడు కొండ మోయాల్సి వచ్చింది, ఇక్కడ గురువారం వచ్చే రేటింగు కాగితం సరిపోతుంది. 2023 జనవరిలో ఎలాగో ముగించారు. ఊపిరి పీల్చుకునేలోపు 2024 మార్చిలో అదే దీప, అదే కార్తీక్, వేరే కథతో 'కార్తీక దీపం 2'. 'గుప్పెడంత మనసు'లో కాలేజీ నడిపే రిషి సార్ మాయమై, ఇక లేడనుకున్నాక ఆటో తోలుకునే రంగాగా తేలాడు. మన సీరియల్ శ్మశానాల్లో కాపలా చాలా తక్కువ.

ఆ నడక చూడాలి. బ్రేక్ ముందు పడిన చెంపదెబ్బ బ్రేక్ తర్వాత మళ్లీ మొదట్నుంచి పడుతుంది. ముందురోజు ప్రోమోలో పడింది అదే. రేపటి ఎపిసోడ్ మొదట్లో పడబోయేదీ అదే. ఒక్క దెబ్బకు ఆరు ముఖాలు, ముఖానికి మూడు ఉరుములు. ఇంట్లో వంట చేసేవాళ్లంతా పట్టుచీరల్లో ఉంటారుగానీ పొయ్యి వెలగదు. ఇదే తెలుగు టీవీలో ఒకప్పుడు గుణ్ణం గంగరాజు 'అమృతం' అరగంటలో మొదలై అదే అరగంటలో అయిపోయేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

మా పిన్నిని ఒకసారి అడిగాను, "ఇది ఎప్పటికి అయిపోతుంది పిన్నీ?" అని. ఆవిడ కళ్లు టీవీ మీంచి తిప్పకుండానే "అయిపోతే ఏడున్నరకి నేనేం చెయ్యాలిరా? మీ బాబాయితో మాట్లాడుతూ కూర్చోవాలా?" అంది. టీవీ వాళ్ల బలమంతా ఆ ఇంట్లోనే ఉంది. తిట్టుకుంటూ చూసేవాడికీ మెచ్చుకుంటూ చూసేవాడికీ రేటింగు మీటరు తేడా చూపించదు. నాలాగా తిట్టడానికే మొదటి ఆటకు పోయేవాడి 300 రూపాయలూ అభిమాని 300 రూపాయలూ ఒకే పోస్టర్ మీద కోట్లలో కలుస్తాయి.

బిగ్‌బాస్ అయితే పేరుకైనా ముగుస్తుంది. కానీ 2023 డిసెంబర్‌లో ఏడో సీజన్ ఫైనల్ ముగిసిన రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు మిగిలిన ఎపిసోడ్లు ఆర్టీసీ బస్సుల అద్దాల మీద ఆడారు. ఓటీటీ సిరీస్‌ల్లో మా ఇంట్లో చప్పున పూర్తయింది 'రానా నాయుడు' ఒక్కటే. వెంకటేశ్ ఉన్నాడు గదా, ఇంటిల్లిపాదీ చూడొచ్చని నాన్నగారే పెట్టారు. మొదటి ఎపిసోడ్ సగం కాకుండానే ఆయనే ముగించారు.

ముగింపు లేని బతుకు ఎంత నరకమో కనిపెట్టినవాళ్లు లేకపోలేదు. 2025 మేలో 'శుభం' అనే చిన్న సినిమా వచ్చింది. సమంత నిర్మాత, ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. భీమిలిలో రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆడవాళ్లకు దయ్యాలు పూనుతాయి. ఆ దయ్యాలకు పగా లేదు, ప్రేమా లేదు. సీరియల్ చివరి ఎపిసోడ్ చూడకుండా చచ్చిపోయాయి పాపం, అదే వాటి బాధ. తెలుగు సినిమాలో ఇంత న్యాయమైన కోరిక ఉన్న దయ్యాన్ని నేనెప్పుడూ చూడలేదు. రేపు 'సలార్' రెండో భాగం కోసం 2023 డిసెంబర్ నుంచి కాచుకున్నవాళ్ల ఆత్మలు ఎన్ని థియేటర్లు పట్టుకు వేలాడతాయో ఆలోచించండి.

ముగించడం చేతగాక కాదు. వేణు ఎల్దండి 'బలగం' చావుతో మొదలై పదకొండో రోజుకు అయిపోతుంది. పిండానికి పిట్ట ముట్టాలి, అంతే కథ. ముట్టేదాకా అన్నదమ్ములు, బావాబామ్మర్దులు, ఆడబిడ్డ, అల్లుడు ఎవరి కడుపులోది వాళ్లు కక్కారు. 2023లో పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా ఒకచోట కూర్చుని ఏడ్చింది. అందులో ఎవరూ వర్షంలో నెమ్మదిగా నడిచి రాలేదు. '35 చిన్న కథ కాదు'లో తిరుపతి పిల్లవాడికి ఒకటే చిక్కు: సున్నాకు విలువ లేదంటారు, మరి తొమ్మిదికన్నా పది ఎలా పెద్దదైంది? వాడు లెక్కల్లో పాసవుతాడా లేదా అన్నదే క్లైమాక్స్, 35 మార్కులు చాలు. 'కోర్టు'లో తీర్పు వచ్చింది, లేచి వచ్చాం. ''90స్' ఆరు ఎపిసోడ్లలో ఒక మధ్యతరగతి ఇంటిని మొత్తం చూపించి, తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయింది. వీటిలో దేనికీ వెయ్యి రూపాయల టికెట్ లేదు. ప్రభుత్వాలు పనిగట్టుకుని జీవోలూ ఇవ్వలేదు.

సెన్సార్ బోర్డు 2024 చివర్లో యూఏ సర్టిఫికెట్‌ను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విడగొట్టింది. శ్రమ అనుకోకుండా ఇంకొకటి కూడా పెట్టాలి: 'అసం', అంటే అసంపూర్తి. బిస్కెట్ పొట్లం మీద నికర బరువు అచ్చువేయకపోతే తూనికలు కొలతలవాళ్లు దుకాణం తలుపు తడతారు. సినిమా పోస్టర్ మీద కూడా 'నికర కథ: 40 నిమిషాలు, మిగతాది నడక' అని వేయించాలి. ఆర్టీసీ చిన్నపిల్లలకు అరటికెట్ కొడుతుంది, అరకథకూ అదే కొట్టాలి. రెండో భాగం చెప్పిన తేదీకి రాకపోతే మొదటి భాగం డబ్బులు వడ్డీతో వాపసు అని ఒక్క జీవో ఇవ్వమనండి. తెల్లారేసరికి ఫిలింనగర్‌లో సగం పోస్టర్ల మీద ఆ ఒకటో అంకెకు సున్నం పడుతుంది.