ఇక్కడో వేలిముద్ర!

విద్యాహక్కు చట్టం (2009) సర్కారు బడి పెత్తనాన్ని తల్లిదండ్రులకే అప్పజెప్పింది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్లే. మొత్తం సభ్యుల్లో సగం మహిళలు. గ్రాంటు ఖర్చుమీద కాపలా కూడా వాళ్లదే. కాపలా కాయడానికి ఏముందో చూద్దాం.

31 నుంచి 100 మంది పిల్లలుంటే సమగ్ర శిక్ష లెక్క ప్రకారం బడికి ఏడాదికి 25 వేలు. పదోవంతు పారిశుద్ధ్యానికి తీసి పక్కన పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, కారే కుళాయి... అన్నీ మిగిలినదాంట్లోనే. అంటే రోజుకు 62 రూపాయలు! 'బడ్జెట్ సర్దుబాటు'పై చర్చకొచ్చిన సభ్యులకు తలో టీ తెప్పిస్తే ఆ రోజు బడ్జెట్ హాంఫట్.

ఆ సొమ్మూ మార్చి నెలాఖర్లో పడిందా, 31లోగా ఊడ్చేయాల్సిందే. ఇక చర్చకు తీరికేదీ? తీర్మానం ముందే రాసి ఉంటుంది: 'సభ్యులు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' కూలి పని మానుకొని వచ్చిన తల్లి దేనికని అడిగేలోపే హెడ్మాస్టారు రిజిస్టరు చాపుతారు, "ఇక్కడో వేలిముద్రమ్మా!"

వేస్తుంది సరే, స్టాంపు ప్యాడ్ ఎండిపోయింది. కొత్తది కొనాలంటే కమిటీ తీర్మానం కావాలట!