సోమవారం రండి

మా ఫార్మసీలో బీపీ మాత్రల్ని మెషీన్ లెక్కపెడుతుంది. మార్ఫిన్ లాంటి షెడ్యూల్ టూ మందుల్ని మాత్రం నేనే, నా చేత్తో, రెండుసార్లు లెక్కపెడతాను. ట్రేలో పోసి, చిన్న ప్లాస్టిక్ పలకతో ఐదేసి చొప్పున పక్కకు తోస్తూ... ఐదు, పది, పదిహేను. మాస్టారు కౌంటరుకు అవతల నిలబడి నాతోపాటు పెదవులు కదిపేవారు. తెనాలి దగ్గర పల్లెటూళ్లో లెక్కలు చెప్పి రిటైరై, న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వచ్చేశారు.

"మీరు లెక్క మనిషమ్మా," అనేవారు, మెచ్చుకోలుగా.

ఆయన భార్యకు ఎముకల్లోకి పాకిన క్యాన్సర్. పూటకొకటి చొప్పున రోజుకు రెండు మార్ఫిన్ మాత్రలు, నెలకు అరవై. ఈ మందుకు రీఫిల్ అనేదే లేదు. 1970 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతిసారీ డాక్టరు కొత్తగా రాయాల్సిందే. ఒక్క మాత్ర లెక్క తేలకపోతే రాత్రి ఎంత పొద్దుపోయినా మేం ఇళ్లకు వెళ్లం. ఒకసారి గంటన్నర వెతికితే నా కోటు మడతలో దొరికింది. ఈ జాగ్రత్తను నేనెప్పుడూ విసుక్కోలేదు. ఈ జాతి మాత్రలకు అలవాటుపడ్డ కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు మా కౌంటరుకే వస్తారు, వాళ్ల నిద్రమాత్రల కోసం.

మాస్టారి తండ్రి కూడా క్యాన్సర్‌తోనే పోయారట. 1985లో మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఆస్పత్రుల్లో సైతం మార్ఫిన్ దొరకడం గగనమైపోయింది. ఆ నిబంధనలు సడలిస్తూ సవరణ వచ్చింది 2014లో. ఈలోగా ఎందరు అరిచి అరిచి పోయారో. "మా నాన్న అరుపులు మూడిళ్ల అవతలికి వినపడేవమ్మా. మా ఆవిడకు ఆ గతి పట్టలేదు. ఈ దేశానికి దణ్ణం పెట్టాలి," అన్నారొకసారి.

అక్టోబరులో ఒక శనివారం. కొడుక్కి సెలవు ఆ రోజే కాబట్టి మాస్టారు మామూలుగా శనివారాలే వస్తారు. ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్లోకి వచ్చేసింది. స్టాకుంది. కానీ పాత సీసా ఇచ్చి ఇరవై ఎనిమిది రోజులే అయింది. ముప్పై నిండందే ఇవ్వకూడదని మా షాపు నియమం.

నియమం షాపుదే. చట్టంలో అలాంటి తేదీ ఏదీ లేదు. నిజమైన వైద్య అవసరానికే రాశారా అని చూసుకునే బాధ్యత రాసిన డాక్టరుతోపాటు ఇచ్చే ఫార్మసిస్టుకూ ఉందని మాత్రమే ఉంది. ఆ చూడాల్సిందేదో చూశాను కూడా. రాష్ట్రం రికార్డులో ఆవిడ పేరు కొడితే ఒకే డాక్టరు, ఒకే ఫార్మసీ, ఏడాదిగా ఒకే మందు. అంతకన్నా శుభ్రమైన రికార్డు ఉండదు.

"ఇంట్లో ఎన్ని ఉన్నాయి మాస్టారూ?"

"ఐదమ్మా. పొద్దున లెక్కపెట్టే వచ్చాను."

వేళ్ల మీద లెక్కేశాను. ఇవాళ రాత్రికి ఒకటి, రేపు రెండు, సోమవారం రెండు. "సరిగ్గా సరిపోతాయండీ. సోమవారం రండి."

"వేసవిలో కూడా సోమవారమే అన్నారు తల్లీ. వస్తే స్టాకు రాలేదన్నారు. రెండు రాత్రులు..."

నిజమే. ఈ మందులు మేం అడిగినంతా హోల్‌సేలర్లు పంపరు. పరిమితి దాటితే ఆర్డరు ఆగిపోతుంది. "ఈసారి స్టాకుంది. మీకోసం తీసిపెడతాను, ఇది నా హామీ," అన్నాను. కావాలంటే కొద్ది రోజులకు సరిపడా కొన్ని ఇచ్చి, మిగతావి తర్వాత ఇవ్వడానికి కూడా 2016 నుంచి ఫెడరల్ చట్టంలో వీలుంది. రోగి తరఫున అడిగితే చాలు. ఆయనకు అడగడం తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు. వెనక లైన్లో ఆరుగురున్నారు.

ఆయన వాదించలేదు. "అలాగేనమ్మా," అని వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున షాపు తెరవగానే అరవై మాత్రలూ రెండుసార్లు లెక్కపెట్టి, సీసా మూత బిగించి, పేరు చూసి సేఫులో పెట్టాను. మాస్టారు రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం సాయంత్రం సేఫు తెరిచినప్పుడు ఆ సీసా కంటపడితే నాకొచ్చిన ఆలోచన ఇది: అంత తొందరేం లేదన్నమాట, ఇంట్లో ఇంకా ఉండే ఉంటాయి. ఆ రోజు ఇవ్వకపోవడమే మంచిదైంది.

శనివారం వచ్చారు. కొడుకు తలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను సేఫులోంచి కొత్త సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టాను. ఆయన జేబులోంచి పాత సీసా తీసి దాని పక్కన పెట్టారు.

"ఇవి వెనక్కి తీసుకుంటారా అమ్మా? పిల్లలున్న ఇంట్లో ఉంచకూడదని మీరే చెప్పారుగా. ఆవిడ సోమవారం తెల్లారకముందే వెళ్లిపోయింది."

నోట మాట రాలేదు. వచ్చిన మాట కూడా నిబంధనే. ఒకసారి గడప దాటిన మందును మేం చేత్తో తీసుకోకూడదు. పోలీస్ స్టేషన్‌లో డబ్బా ఉంటుంది, అందులో వేయాలి. అదే చెప్పాను.

"అలాగే వేస్తాను తల్లీ. కానీ ఒక్కసారి లెక్క చూసుకోండి. రేపు ఎవరైనా అడిగితే, ఒక్కటి కూడా అటూ ఇటూ పోలేదని మీరు చెప్పాలిగా."

మూత తీయనక్కర్లేకపోయింది. గోధుమరంగు సీసాలోంచి కనపడుతూనే ఉన్నాయి. ఐదు.

"సోమవారం కూడా లేదంటారేమోనని దాచుకుందమ్మా," అన్నారు మాస్టారు.