యాభై ఆరో సెక్షన్‌కు శామీర్‌పేట టీక

అవతారిక: కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదక్ సీమలోని కొల్చారం. మూలంలో లేని ముక్క రాయనని ఒట్టుపెట్టుకున్న మనిషి. ఆయన కాలంలో కరెంటు లేదు గనుక ఈ టీక మన నెత్తిన పడింది. మేడ్చల్, శామీర్‌పేటల్లో నేడు ఇంటింటా పారాయణ చేసే కావ్యం ఒక్కటే, మీటరు రీడరు గేటు సందులో గుచ్చిపోయే బిల్లు. అందులో ‘అరియర్స్’ అనే పాదం కడు కఠినం. దాని మూలం 2003 నాటి విద్యుత్ చట్టం, 56వ సెక్షన్, రెండో ఉపవిభాగం.

మూలం, సంగ్రహంగా: మొదట చెల్లవలసిన తేదీ నుండి రెండేండ్లు దాటిన బాకీ వసూలుకు రాదు, బకాయిగా ఎడతెగక చూపుతూ వచ్చినదైతే తప్ప, తీగయు కోయరాదు.

ప్రతిపదార్థం: రెండేండ్లు = నెలకొకటి చొప్పున ఇరవైనాలుగు బిల్లులు; ఎడతెగక = నడుమ ఒక్క నెలైనా మరవక; తీగ కోయుట = ఫ్యూజు పీకుట, ‘కట్ చేసి పోయిండు’ అని లోకవ్యవహారం. దానికి ముందు పదిహేను పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఉండాలని మొదటి ఉపవిభాగం. నోటీసుకన్నా నిచ్చెన ముందు వచ్చిందని కొందరంటారు. అది మూలంలో లేదు గనుక వదిలేద్దాం.

ఇక ‘మొదట’. ఈ మూడక్షరాల దగ్గరే వ్యాఖ్యాతలు జుట్టు జుట్టు పట్టుకున్నారు. బల్బు వెలిగిన నాడా, బిల్లు ముట్టిన నాడా? 2020 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు తేల్చింది: వాడిన నాడే బాకీ పుడుతుంది, కానీ కట్టవలసిన రోజు బిల్లు ఇచ్చాకే వస్తుంది. అజ్మీర్ విద్యుత్ సంస్థ వాళ్లు 2009 జులై నుంచి 2011 సెప్టెంబరు దాకా టారిఫ్ కోడ్ తప్పు వేసి, 2014 మార్చిలో తేడా డబ్బు అడిగారు. అడగవచ్చుగానీ దానికోసం తీగ కోయరాదని తీర్పు. 2021లో మరో కేసు: మీటరు లెక్కను 10తో గుణించాల్సింది 5తో గుణించారు. ఆ తేడా అడగడం సేవాలోపం కాదన్నారు. మేడ్చల్ షెడ్లలో మిషన్లు నడిపేవారు ఈ గుణకాన్ని లక్ష్మీస్తోత్రంలా కంఠస్థం చేయదగును.

ఆక్షేపం: శాస్త్రాల్లో ఉదాహరణకు దొరికే దేవదత్తుడు శామీర్‌పేట చెరువు దగ్గర పాత ఇల్లు కొన్నాడనుకుందాం. కొత్త కనెక్షన్‌కు పోతే పాత యజమాని బకాయి ముందు పెట్టారు. ‘వాడిందెవడో, కట్టేదెవడో! అదీ మూడేండ్ల కిందటిది, చెల్లదు’ అన్నాడు.

సమాధానం: చెల్లదన్న మాటకు దేవదత్తుడు చెప్పుకున్న అర్థం వేరు. 2023 మే 19న కేరళ బోర్డు కేసులో సుప్రీంకోర్టు, నిబంధనల్లో ఉంటే పాత బకాయి కడితేనే కొత్త కనెక్షన్ అనే షరతు చెల్లుతుందంది. రెండేండ్ల గడువు సివిల్ దావాకు అడ్డురాదనీ అంది. దావాకు వేరే గడువుంది: 1963 కాలపరిమితి చట్టం ప్రకారం మామూలుగా మూడేండ్లు, పొరపాటైతే అది బయటపడ్డ నాటి నుంచి లెక్క. అంటే ఈ సూత్రం నిచ్చెన ఎక్కే మనిషిని ఆపుతుంది, కోర్టు మెట్లెక్కే మనిషిని ఆపదు.

తాత్పర్యం: బాకీ చావలేదు, దాని కోరలు ఊడాయి. అవి కూడా, ప్రతినెలా బిల్లులో చూపుతూ వస్తే ఊడవు.

పాఠభేదం: ‘ఎడతెగక’ను ఖండించాలని దేవదత్తుడు పాత యజమాని వదిలిపోయిన బీరువాలోంచి ఇరవైనాలుగు బిల్లులూ తీశాడు. తాటాకు వందలేండ్లు నిలుస్తుంది; మిషన్ కాగితం రెండు ఎండాకాలాలకే తెల్లబోతుంది. పంతొమ్మిదింట అక్షరం లేదు. మూడింట యూనిట్లు కనిపిస్తున్నాయి, అరియర్స్ గడి మాసిపోయింది. ఒకటి చెల్లెలి పెళ్లి శుభలేఖకు అంటుకుని రాలేదు. చివరిదాని వెనక బాల్‌పెన్నుతో రాసిన పాల లెక్క మాత్రం, పైసలతో సహా, స్పష్టంగా ఉంది.