రేకుపెట్టె దండయాత్ర

నల్లమలకు గడపవలె నిలిచిన లింగాలలో, వైశాఖ మాసమున, ఒక పెంకుటింటి అటుక మీదినుండి రేకుపెట్టె యొకటి ధరణికి దిగెను. ఆ చప్పుడుకు దిక్కులు కంపించెను. ఆపత్కాల సామగ్రికి ఇదియే కోట యని కోడలు శాసించెను.

సైన్యము కదలినది. ముందుగా టార్చిలైటు: సలేశ్వరం జాతరకు లోయ దిగినప్పుడు దారి చూపిన వీరుడు, నెత్తిన సొట్ట, కడుపున రెండు పెన్సిలు సెల్లులు. వెనుక ఓఆర్‌ఎస్ పొట్లము: లీటరు నీటిలో దూకి, ఇరవైనాలుగు గంటలు రాజ్యమేలి, మిగిలితే పారబోయబడు అల్పాయుష్క చక్రవర్తి. ఆపై పాంచజన్యమునకు తమ్ముడైన ప్లాస్టిక్ ఈల. గోడ కూలి మీదపడ్డవాడు ఎంతసేపని అరుస్తాడు? ఊదడానికి అంత ఊపిరి అక్కర్లేదు.

ఇక గొంగడి వచ్చెను. పట్నపు జాబితాలలో దుప్పటి వేరు, రెయిన్‌కోటు వేరు. పాలమూరు గొర్రెల కాపరి ఆ రెంటినీ ఒక్క నల్లని ముతక ఉన్నిలో నేయించి, భుజాన వేసుకొని ఎన్నడో అడవికి పోయినాడు. చలికి కప్పు, వానకు గొడుగు, రాత్రికి పరుపు. ఇట్టి మహారథి మడతకు లొంగునా! మనుమడు పైన కూర్చుంటే గాని మూత పడలేదు. మనిషికి రోజుకు మూడు లీటర్ల లెక్కన ఐదుగురికి మూడు రోజుల నీళ్లు, 45 లీటర్లు, పెట్టెలో పట్టక బిందెలలో సామంతులవలె బయటనే నిలిచెను.

చిట్టచివర ప్లాస్టిక్ కవరు పల్లకిలో పట్టాదారు పాసుపుస్తకము వేంచేసెను. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు చామరములు వీచెను.

"మన గట్టు మీదికి వరదొస్తదా పిల్లా?" అని అత్తగారు నవ్వెను.

"2009ల రాజోలి, అలంపురపోళ్లు గూడ గట్లనే అనుకున్నరేమో అత్తమ్మా! అక్టోబర్ల తుంగభద్ర ఊర్లల్లకొచ్చె, శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కులొచ్చె. మనకు వరద లేకున్నా పిడుగున్నది, గాలిదుమారమున్నది."

అత్తగారు మారుపలుకక అగ్గిపెట్టె తెచ్చి వేసెను.

విపత్తు రాలేదు. వచ్చినవారు ఇంటివారే. బిస్కెట్లను బాలసేన తొలివారమే కొల్లగొట్టెను. పారాసిటమాల్ బిళ్లలు చుట్టాల తలనొప్పులకు నేలకొరిగెను. పాసుపుస్తకము పంటరుణమునకై బ్యాంకుకు తరలి, మామగారి అంగీజేబున స్థిరపడెను.

ఆరు నెలలకొకమారు పెట్టె తెరిచి చూడవలెనని నియమము. కార్తీకమున తెరిచిరి. టార్చి మీట నొక్కిన చీకటే. ఒక సెల్లు గోడగడియారములో, ఒకటి పిల్లగాని ఆటకారులో కొలువు చేయుచున్నవి. గొంగడి తాతగారి మంచమెక్కినది. అడుగున ఈల ఒక్కటే, ఎవరికీ పనికిరాక, రాజభక్తితో మిగిలినది. కంటబడిన క్షణమే మనుమడు దానిని ఊదెను. మూడు వీధుల జనము పరుగున వచ్చిరి.